కుక్కపిల్లకి కేజ్ అలవాటు చేయడం: మన ఎండల్లో, మన ఇళ్లల్లో

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. మూడు నెలల ల్యాబ్రడార్ పిల్ల, పేరు రాకీ. మీరూ మీ ఆయనా పొద్దున తొమ్మిదింటికి ఉద్యోగాలకు వెళ్తే సాయంత్రం ఐదున్నరకి వస్తారు. ఇంట్లో మీ అత్తగారు ఉంటారు గానీ మోకాళ్ల నొప్పులు, కుక్కని కిందికి తీసుకెళ్లలేరు. వీడియోలు చూసి 42 అంగుళాల పొడవున్న కేజ్, అంటే మడతపెట్టే కమ్మీల బోను, తెప్పించారు. వారమైంది. లోపల పెడితే ఒకటే ఏడుపు, రాత్రి పక్క ఫ్లాట్ల వాళ్లు లేస్తున్నారు, పైగా లోపలే మూత్రం పోసుకుని అందులోనే పడుకుంటోంది. "మూగజీవాన్ని జైల్లో పెట్టారు" అని అత్తగారు. "బాల్కనీలో పెట్టేస్తే గోల వదుల్తుంది" అని మీ ఆయన. అసలు కేజ్ మంచిదా, తీసేయాలా అని మీ ప్రశ్న.

తీసేయక్కర్లేదమ్మా. కాకపోతే ఇప్పుడు మీ ఇంట్లో దాని కొలత తప్పు, అందులో ఉంచుతున్న టైము తప్పు, రేపు పెట్టబోతున్న చోటు ఇంకా పెద్ద తప్పు. నేను పాతికేళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. పన్నెండేళ్లుగా వేదాయపాళెంలో మా ఇంట్లోనే ఊళ్లకు వెళ్లేవాళ్ల కుక్కల్ని చూసుకుంటున్నాను. కావలి, గూడూరు, ఒంగోలు నుంచి కూడా తెచ్చి దించిపోతారు. కేజ్ తలుపు తీయగానే తనంతట తనే వెళ్లి ముడుచుకు పడుకునేవీ చూశాను, కేజ్‌ని చూడగానే వణికి గేటు దగ్గరే మూత్రం పోసేసేవీ చూశాను. రెండూ ఒకే రకం కేజ్‌లు. ఇంట్లో వాడిన తీరులోనే ఉంది తేడా.

బాల్కనీ సంగతి ముందు తేల్చేస్తాను. మిగతావి తప్పయితే దిద్దుకోవచ్చు, ఇది దిద్దుకునే టైము ఇవ్వదు.

మా జిమ్మీ కూడా ల్యాబ్రడారే. అప్పట్లో ఈ మడతపెట్టే కేజ్‌లు మా దాకా రాలేదు. వెల్డింగ్ షాపులో చెప్పి ఇనప బోను చేయించాను, నాలుగడుగుల పొడవు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. వరండాలో రేకుల కింద పెట్టాను. నీడే కదా అనుకున్నాను. రోహిణి కార్తెలో ఒకరోజు కావలిలో పెళ్లి. తాళి కట్టగానే బయల్దేరదామనుకున్నవాణ్ణి భోజనాల దాకా ఉండిపోయి, ఇల్లు చేరేసరికి రెండున్నర. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉంది. జిమ్మీ ఒక మూలకి ఒరిగిపోయి ఉంది. నాలుక పక్కకి వేలాడుతూ మామూలుకంటే వెడల్పుగా, ముదురెరుపుగా. చొంగ జిగురులా సాగి బోను కమ్మీకి అంటుకుని ఉంది. పిలిస్తే తోక కొన మాత్రం కదిలింది. కంగారులో వరండా కుళాయి తిప్పితే వేణ్ణీళ్లు వచ్చాయి. మిద్దె మీద ట్యాంకు ఎండకి కాగిపోయి ఉంటుందన్న సంగతి ఆ క్షణం దాకా తట్టలేదు. వంటింట్లో బిందెల్లో పట్టి ఉంచిన నీళ్లన్నీ దాని మీద కుమ్మరించి, ఫ్యాన్ ఎదురుగా పెట్టి, తర్వాత ఆటోలో వేసుకుని పరిగెత్తాం. డాక్టరు గారు థర్మామీటరు పెట్టి చూస్తే అప్పటికీ 105. బతికింది. కానీ ఆ తర్వాత ప్రతి ఎండాకాలం నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసపడేది.

కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. కొద్దిగా పాదాల అడుగున పడుతుంది, అంతే. మిగతా వేడంతా వగర్చి, నాలుక మీది తడి ఆవిరి చేసి బయటికి పంపాలి. మనది సముద్రానికి దగ్గర ఊరు, గాల్లో తేమ ఎక్కువ. ఆ తడి సరిగా ఆవిరి కాదు. అందుకే ఎండ ఒక్కటే చూసి "ఇవాళ మరీ అంత లేదులే" అనుకోకూడదు, ఉక్కపోత కూడా చూడాలి. వదిలేసి ఉన్న కుక్క బాత్‌రూమ్ గచ్చు మీదో, మంచం కిందో, నీళ్ల కుండ పక్కనో తనకి చల్లగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. కేజ్‌లో ఉన్న కుక్కకి మీరు ఎంచిన చోటే గతి. పడమటి బాల్కనీ అయితే మధ్యాహ్నం మూడింటికి గోడ కూడా సెగలు కక్కుతుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే ఇంకా త్వరగా పడిపోతాయి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు, 106 దగ్గర లోపలి అవయవాలు దెబ్బతింటాయి. అలాంటిదేమైనా జరిగితే ముందు తడపండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. తడపకుండా ఆటో కోసం వెతుకుతూ పోగొట్టుకునే పది నిమిషాలే ప్రాణం తీస్తాయి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. నీళ్లు పోస్తూ ఉండాలి, గాలి తగులుతూ ఉండాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

కాబట్టి కేజ్ ఇంటి లోపలే ఉండాలి. పగలు మీరు ఇంట్లో ఉన్నంతసేపు హాల్లో, ఇన్వర్టర్ మీద నడిచే ఫ్యాన్ కింద, కిటికీ ఎండ పడని గోడ వారగా. కరెంటు పోతే ఏది ఆగుతుందో, ఏది తిరుగుతుందో ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి. ఏసీ గదిలో పెట్టి తలుపులన్నీ బిగించి ఆఫీసుకు వెళ్లడం కూడా నాకు నచ్చని పనే. ఏసీ ఆగిపోతే ఆ గది ఎంతసేపట్లో పొయ్యవుతుందో మీకు తెలుసు. పూజగది దగ్గర వద్దని అత్తగారు అంటే ఆ మాట వినండి. చోటు విషయంలో ఆవిడ మాట నెగ్గితే మిగతా విషయాల్లో ఆవిడ సాయం మీకు దొరుకుతుంది, ఆ సాయం మీకు చాలా కావాలి.

ఇక ఆవిడ అన్న జైలు మాట. మన వాడుకలో బోను అంటే ఎలుకల బోను, పులి బోను, కోర్టులో ముద్దాయి నిలబడే బోను. ఒక్కటీ మంచి అర్థం లేదు పాపం. ఆవిడకి అలా తోచడంలో వింతేమీ లేదు, కొంత నిజం కూడా ఉంది. స్వీడన్‌లో ప్రయాణాలకీ పోటీలకీ తప్ప కుక్కని ఇంట్లో కేజ్‌లో మూసి ఉంచడానికి చట్టమే ఒప్పుకోదు. మన దగ్గర 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కూడా, జంతువు కాస్త మసలడానికి వీల్లేనంత చిన్న బోనులో పెట్టడాన్నీ, ఎప్పుడూ కట్టేసో మూసేసో ఉంచిన కుక్కని తిప్పకపోవడాన్నీ నేరాలుగానే రాసింది. మరోవైపు మీరు చూసిన అమెరికా వీడియోల్లో కేజ్ లేనిదే కుక్కపిల్లే రాదన్నట్టు చెప్తారు. ఆ ఇళ్లల్లో రోజంతా చల్లదనం. వాళ్ల పద్ధతిలో తీసుకోవాల్సింది ఉంది, గంటల లెక్క మాత్రం వాళ్లని చూసి తీసుకోవద్దు.

గంటల లెక్క అన్నాను కదా, మీ అసలు చిక్కు అక్కడే. కుక్కపిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే, అది మూత్రం ఆపుకోగల గంటలు వస్తాయని పెంపకందార్లు ఒక మోటు లెక్క చెప్తారు. రాకీకి మూడు నెలలు, అంటే మహా అయితే నాలుగు గంటలు. అది కూడా నిద్రలో ఉంటే. మెలకువగా, నీళ్లు తాగి, ఆడుకున్న పిల్లకి గంట కూడా ఎక్కువే. మీరు ఇంట్లో లేనిది ఎనిమిదిన్నర గంటలు. అది లోపల మూత్రం పోసుకోక ఏం చేస్తుంది? దాని తప్పు ఏమీ లేదు. పగలంతా మూసి ఉంచి, రాత్రి మళ్లీ ఎనిమిది గంటలు మూస్తే, రోజులో మూడింట రెండు వంతులు ఆ కమ్మీల మధ్యే. అలా పెరిగిన కుక్క ఇల్లు శుభ్రంగా ఉంచుతుందేమో గానీ, ఆరు నెలలు వచ్చేసరికి బయటికి తీస్తే పిచ్చెక్కినట్టు గంతులేసి మీ అత్తగారిని పడేస్తుంది. అప్పుడు "ఇది చాలా దుడుకుది" అని మళ్లీ లోపల పెడతారు. ఈ చక్రం నేను చాలా ఇళ్లల్లో చూశాను.

పెద్ద కుక్కకైనా పగలు ఒక విడతలో నాలుగు గంటలకు మించి నేను ఒప్పుకోను. రాత్రి వేరు, అందరూ నిద్రపోతారు.

మరి మీరేం చేయాలి? మీరు లేని టైముకి కేజ్ తలుపు వేయొద్దు. వంటింటి పక్క వాష్ ఏరియా ఉందని రాశారు కదా, దానికి ఎండ నేరుగా తగలదంటే అదీ, లేదంటే ఒక చిన్న గదీ దానికి ఇచ్చేయండి. గుమ్మానికి అడ్డంగా రెండున్నర అడుగుల చెక్క. లోపల ఒక మూల కేజ్, తలుపు తెరిచి, పక్కకి కట్టేసి. ఇంకో మూల న్యూస్‌పేపర్లు. మధ్యలో నీళ్లు. సబ్బులూ బ్లీచింగూ గ్యాస్ పైపూ వైర్లూ అందకుండా చూసుకోండి. అది పడుకోవాలంటే కేజ్‌లోకి వెళ్తుంది, పోసుకోవాలంటే పేపరు మీదికి వస్తుంది. మీ అత్తగారు పదకొండింటికీ రెండింటికీ తడి పేపరు తీసి కొత్తది వేస్తే చాలు, వంగడం కష్టమైతే పనిమనిషికి నెలకి కొంత ఎక్కువిచ్చి ఆ పని అప్పజెప్పండి. మీ ఇద్దరిలో ఒకరు మధ్యాహ్నం బండి మీద వచ్చి పోగలిగితే అంతకంటే మంచిది లేదు. మన ఊళ్లో ట్రాఫిక్ ఎంత తిట్టుకున్నా హైదరాబాదు కాదు కదా. టీకాలు మొత్తం అయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట కింద దించొద్దు. పార్వో అనే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు ఎంత ఘోరమో మా దగ్గరికి వచ్చేవాళ్లలో కుక్కపిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లని అడిగితే చెప్తారు.

కేజ్ తలుపు వేయడం మీరు ఇంట్లో ఉన్నప్పుడు నేర్పాలి. మీరు ఇప్పటిదాకా చేసింది లోపలికి తోసి గడియ పెట్టడం, కాబట్టి సున్నా నుంచి కాదు, సున్నా కింద నుంచి మొదలు. మూడు రోజులు తలుపు ఊసే ఎత్తకండి. వీలైతే తలుపు ఊడదీసి పక్కన పెట్టేయండి. అన్నం గిన్నె మొదటిరోజు కేజ్ గుమ్మం ముందు. రెండోరోజు గుమ్మం లోపల, ముందుకాళ్లు లోపల, వెనక్కాళ్లు బయట ఉండేట్టు. మూడోరోజు చివరి గోడ దగ్గర. మధ్యమధ్యలో అది చూడకుండా లోపల చిన్న చిన్న కోడి కార్జం ముక్కలు, ఉడికించి ఆరబెట్టినవి, వేస్తూ ఉండండి. దానంతట అది వెళ్లి "అరే, ఇక్కడ మళ్లీ దొరికింది" అనుకోవాలి. మీరు పిలిచి చూపించొద్దు.

నాలుగోరోజు ఊడదీసిన తలుపు మళ్లీ అమర్చండి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చాలా కుక్కలకి భయం కేజ్ అంటే కాదు, గడియ చప్పుడంటే. ఆ వైర్ కేజ్‌లకి రెండు గడియలుంటాయి, జరిపితే టక్కున ఇనుము మీద ఇనుము పడుతుంది. ఆ చప్పుడు వినగానే "ఇక వాళ్లు పోతారు" అని దానికి తెలిసిపోతుంది. మా దగ్గరికి ఒంగోలు నుంచి వచ్చిన ఒక బీగిల్‌కి ఇదే బాధ. లోపల హాయిగా పడుకునేది, గడియ చప్పుడు వింటే లేచి గోకేది. అప్పుడు నేను చేసింది ఏమిటంటే, దాన్ని బయట కూర్చోబెట్టుకుని, ఖాళీ కేజ్ గడియ టక్కుమనిపించడం, ఒక ముక్క ఇవ్వడం. మళ్లీ టక్కు, ముక్క. పేపరు చదువుకుంటూ, కాఫీ తాగుతూ రోజుకి ముప్పై నలభై సార్లు. రెండోరోజు సాయంత్రానికి టక్కుమంటే చాలు, చెవులు నిక్కబొడుచుకుని నా చేతికేసి చూసేది. మూడోరోజు అది లోపల ఉండగా గడియ వేసి, ముక్క కమ్మీల్లోంచి ఇచ్చి, వెంటనే తీసేశాను. ఆ వెంటనే తీసేయడం ముఖ్యం. అది అడగకముందే తలుపు తెరుచుకోవాలి. ఐదు సెకన్లు, పది, ముప్పై, రెండు నిమిషాలు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే అదీ లెక్కపెట్టుకుంటుంది.

పది నిమిషాలు దాటాక లోపల ఏదైనా పని ఇవ్వాలి. గట్టి రబ్బరు బొమ్మలు, లోపల గుల్లగా ఉండేవి దొరుకుతాయి. పెరుగన్నం మెత్తగా పిసికి అందులో కూరి ఫ్రీజర్లో గడ్డకట్టించండి. ఉప్పూ తాలింపూ లేకుండా. దాన్ని నాకి నాకి అలిసిపోయి అలాగే నిద్రపోతుంది. మన ఎండలకి ఒంటికి చలవ కూడాను. ఇంట్లో చేపల పులుసు మిగిలిందని అది కలపకండి, ముల్లూ ఉల్లిపాయా రెండూ దానికి చేటే.

రాత్రి ఏడుపు గురించి. "రెండు రోజులు ఏడిస్తే అదే ఊరుకుంటుంది" అని మీకు ఎవరో చెప్పారన్నారు. ఊరుకుంటుంది, నిజమే. ఎవరూ రారని తేలిపోయాక ఎవరైనా ఊరుకుంటారు. మొన్నటిదాకా తల్లి పొట్ట కింద, ఆరేడు తోడబుట్టినవాటి మధ్య పడుకున్న పిల్లని హాల్లో చీకట్లో ఒంటరిగా పెట్టారు. రాత్రిపూట కేజ్‌ని మీ మంచం పక్కకి తెచ్చుకోండి, మీరు పడుకున్న చోట నుంచి చెయ్యి కిందికి వేస్తే కమ్మీలకి తగలాలి. అది లేచి కుయ్యిమంటే వేళ్లు వాసన చూపించండి. చాలాసార్లు అంతే, మళ్లీ పడుకుంటుంది. నిజంగా మూత్రానికైతే ఏడుపు వేరుగా ఉంటుంది. నిద్రలోంచి ఉన్నట్టుండి లేచి, చుట్టూ తిరిగి, గొంతు పెంచుతుంది. అప్పుడు లైటు పెద్దగా వేయకుండా, ముద్దుచేయకుండా, చంకనెత్తుకుని పేపరు దగ్గరికో, టీకాలన్నీ అయ్యాకైతే కిందికో తీసుకెళ్లి, పని కాగానే తిరిగి లోపల. ఆ టైములో ఆడించారంటే రోజూ రెండింటికి ఆటకి లేపుతుంది, మీరే కోరి తెచ్చుకున్నట్టు. వారం పది రోజులకోసారి కేజ్‌ని ఒక అడుగు జరుపుతూ పోతే మెల్లగా హాల్లోకి చేరుతుంది. తొందరేమీ లేదు, మంచం పక్కనే ఉండిపోయినా నష్టం లేదు.

ఇంతా చేసినా కుదరని కుక్కలు కొన్ని ఉంటాయి. బాధ్యత లేని పెంపకందార్ల దగ్గర ఇరుకు బోనుల్లో, తమ మలమూత్రాల్లోనే పెరిగిన పిల్లలకి పడుకునే చోటు పాడుచేయకూడదన్న సహజ గుణమే చచ్చిపోయి ఉంటుంది. వాటికి కేజ్ వల్ల శుభ్రత రాదు. ఇక ఒంటరితనం అంటే ప్రాణభయంలా హడలిపోయేవి ఇంకో రకం. మీరు లేనప్పుడు ఫోను పెట్టి వీడియో తీసి చూడండి. కాసేపు కుయ్యి కుయ్యిమని పడుకుంటే ఫరవాలేదు. వగరుస్తూ, చొంగతో రొమ్మంతా తడిసిపోతూ, కమ్మీలు కొరుకుతూ ఉంటే అది మొండితనం కాదు, హడల్. మా దగ్గర అలాంటి కుక్క ఒకటి పైకోర పన్ను విరగ్గొట్టుకుని వచ్చింది, వాళ్ల ఇంట్లో ఇంకా గట్టి బోను చేయిద్దామని చూస్తున్నారు అప్పటికి. అలాంటిదానికి కేజ్ ఆపేసి పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. రాకీ అలా ఉందని నాకు మీ మాటల్లో ఎక్కడా అనిపించలేదు. అది పసిపిల్ల ఏడుపే.

కోపంలో లోపల పెట్టి తలుపు వేయడం ఒక్కసారి కూడా చేయొద్దు. చెప్పు కొరికిందని తిట్టి లోపలికి తోశారా, మీరు వారం కష్టపడింది బూడిదలో పోసినట్టే.

ఇంత అవస్థ ఎందుకు, కుక్కని వదిలేస్తే సరిపోదా అని మీ అత్తగారు అడగొచ్చు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఊళ్లో పల్లపు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కొట్టుకుపోయాయి, గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మాకు తెలిసినవాళ్లు రెండు ఇళ్లవాళ్లు కుక్కల్ని తీసుకుని మా ఇంటికి వచ్చారు. ఒకరి స్పిట్జ్ తన కేజ్‌లో తనే ఎక్కి కూర్చుందట, ఆటోలో పెట్టుకొచ్చారు, మా హాల్లో పెడితే తన బొంతలో తను తెల్లారిందాకా పడుకుంది. రెండోవాళ్ల కుక్క మంచం కిందికి దూరి, మోకాలి లోతు నీళ్లు వచ్చినా బయటికి రానంది. లాగబోతే ఇంటాయన చెయ్యి కరిచింది. ఆయన వానలో రేబిస్ ఇంజెక్షన్ కోసం తిరగాల్సి వచ్చింది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏటా వాయుగుండాల కాలమే. దీపావళి టపాసుల రోజు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ తర్వాత పది పద్నాలుగు రోజులు గెంతకుండా ఉంచాల్సినప్పుడు, కారులో తిరుపతి పశువైద్య కళాశాల దాకా తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, ఇంటికి కుక్కంటే భయపడే చుట్టాలు వచ్చినప్పుడు, అలవాటున్న కుక్కకి అది తన గది. అలవాటు లేనిదానికి అప్పటికప్పుడు నేర్పలేం.

చిన్న చిన్నవి కొన్ని. లోపల ఉన్నప్పుడు మెడపట్టీ తీసేయండి, కమ్మీకి చిక్కుకుని ఉరి పడ్డ కుక్కలున్నాయి. పైన గుడ్డ కప్పాలనుకుంటే పాత నూలు చీర, అది కూడా రెండు వైపులే, గాలి ఆడాలి. దోమలని కేజ్ పక్కన కాయిల్ వెలిగించొద్దు, ఆ పొగంతా నేల మట్టానే పీలుస్తుంది. కింద వైర్ మీద నేరుగా పడుకోబెట్టొద్దు, ప్లాస్టిక్ ట్రే మీద బొంతో గోనెపట్టానో వేయండి. మడతల్లో, కీళ్లల్లో గోమార్లు దాక్కుంటాయి, కొన్ని ఊళ్లల్లో పిడుదులంటారు. అవి కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్లల్లో, కేజ్ సందుల్లో గడిపే కాలమే ఎక్కువ, వాటి నుంచే టిక్ ఫీవర్ వస్తుంది. నెలకి రెండుసార్లు కేజ్ మొత్తం విప్పి కడిగి మంచి ఎండలో వేయండి. మూత్రం పడ్డ చోట ఫినాయిల్ పోస్తున్నామన్నారు, మానేయండి. ఆ ఘాటు దాని ముక్కుకి హింస. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి తుడిచినా, పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ వాడినా ఆ వాసన పోతుంది. వాసన మిగిలితే అదే తన బాత్‌రూమ్ అనుకుంటుంది.

చివరిగా కొలత. 42 అంగుళాలు పెరిగిన ల్యాబ్రడార్‌కి సరిపోతుంది, మీరు కొన్నది దండగేమీ కాదు. కానీ ఇప్పుడు రాకీకి అది రెండు గదుల ఇల్లు. ఒక మూల పడుకుని ఇంకో మూల పోసుకోగలదు, తర్వాత అది పారి పడక కిందికి వస్తోంది. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా కొలిచి నాలుగు అంగుళాలు కలపండి, అంత పొడవు చాలు. లేచి నిలబడితే తల తగలకూడదు, గుండ్రంగా తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. మిగతాది మూసేయాలి. ఈ వైర్ కేజ్‌లతో చాలావాటికి లోపల అడ్డంగా పెట్టే ఒక కమ్మీల పలక కూడా ఇస్తారు. అదేమిటో తెలియక చాలామంది ఎగస్ట్రా ముక్క అనుకుని పెట్టెతో సహా అటకెక్కిస్తారు. కేజ్ వచ్చిన అట్టపెట్టె ఇంకా పారేయకపోతే అందులో వెతకండి. దొరక్కపోతే వడ్రంగి చేత ప్లైవుడ్ ముక్క ఆ కొలతకి కోయించి, అంచులు గీకించి, నాలుగు మూలలా కేబుల్ టైలతో కమ్మీలకి బిగించండి. టైల కొసలు బయటివైపు ఉండాలి, లోపలికి ఉంటే కొరికి మింగుతుంది. నెలకోసారి అది పెరిగిన కొద్దీ వెనక్కి జరుపుతూ పోండి.